పెరటి వైపు గాజు తలుపు పెట్టవచ్చా?

ప్రశ్న: అమలాపురం దగ్గర పల్లెలో ఇల్లు కడుతున్నాము. హాలుకు పడమర పక్క కొబ్బరి చెట్ల పెరడు ఉంది. మధ్యలో గోడకు బదులు పదడుగుల స్లైడింగ్ గాజు తలుపు పెట్టించాలని మా కోరిక. వానకూ దోమలకూ తట్టుకోలేమని పెద్దవాళ్లు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తప్పక పెట్టించండి, కాని తలుపు కన్నా ముందు వసారా సంగతి తేల్చుకోండి. మండువా లోగిళ్లలో గదిలోంచి అడుగు బయట పెడితే చూరు కింది నీడలోకే వచ్చేవారు. లోపలినీ బయటినీ కలిపింది ఆ నీడే. మీ తలుపు పడమరకు ఉంది కనుక వేసవి ఎండా, నైరుతి రుతుపవనాల జల్లూ రెండూ దానినే తాకుతాయి. కనీసం ఆరడుగుల వసారా వేసి, చూరు కిందుగా దూరే సాయంకాలపు ఎండకు వెదురు తెరలు కట్టించండి.

వసారాను హాలుతో పాటే, ఇంటి పునాదితో కలిపి కట్టించండి. మన నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. తరువాత విడిగా కట్టిన వసారా కుంగిందంటే ట్రాకు వంగి తలుపు కదలనని మొరాయిస్తుంది. పదడుగుల ఖాళీ మీది బీమును ఇంజనీరు చేతనే లెక్క కట్టించండి. వసారా నేల హాలు కంటే అంగుళంన్నర పల్లంగా, పెరటి వైపు వాలుగా ఉండాలి. రెండు చోట్లా ఒకే రంగు రాయి, బయట మాత్రం గరుకుది వేస్తే ఆ తేడా కంటికి ఆనదు. ట్రాకు అడుగున బయటి వైపు నీరు పోయే సన్నని రంధ్రాలు ఉంటాయి. రాళ్లు పరిచేటప్పుడు సిమెంటు పాలు వాటిలోకి దిగితే మొదటి వానకే నీళ్లు హాల్లోకి వస్తాయి కనుక, ఆ రోజు దగ్గరుండి చూసుకోండి.

1996 నవంబరు తుపానును చూసిన కోనసీమలో గాజు విషయంలో పొదుపు తగదు. టఫెన్డ్ గాజు, అంటే వేడి చేసి గట్టిపరిచినది, పగిలితే చిన్న ముక్కలై రాలిపోతుంది, ఆపైన గాలీ వానా ఇంట్లోకే. రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన లామినేటెడ్ గాజు పగిలినా ముక్కలు మధ్య పొరకు అంటుకుని చాలావరకు నిలుస్తాయి. కొబ్బరి మట్టలు ఎగిరిపడే వైపు నేనైతే దానినే ఎంచుకుంటాను.

దోమల కోసం మూడు ట్రాకుల ఫ్రేము తీసుకుంటే మూడోదానిలో జాలీ తలుపు నడుస్తుంది. సందెవేళ గాజు జరిపి జాలీ వేసుకుంటే గాలికి లోటుండదు. పెరటి దుమ్ముకు జాలీ కళ్లు త్వరగా పూడిపోతాయి కాబట్టి, దానిని ఊడదీసి కడిగే వీలుందో లేదో కొనేముందే అడగండి.