ఇంటి చదువు ఆపేస్తే నా శ్రమంతా వృథాయేనా?

ప్రశ్న: మేము ఇంగ్లండులో ఉంటున్నాం. పాపకు 11 ఏళ్లు, బాబుకు 7. మావారి బదిలీల వల్ల పిల్లల బడులు తరచూ మారుతుండడంతో నేను ఉద్యోగం మానేసి, రెండేళ్లుగా ఇంట్లోనే చదువు చెబుతున్నాను. ఇప్పుడు ఆయనకు జర్మనీకి బదిలీ అయింది. అక్కడ ఇంటి చదువు కుదరదని విన్నాను. ‘మనలాంటి వాళ్లను ఎవరూ పట్టించుకోరు, ఇలాగే కొనసాగిద్దాం’ అంటారు మావారు. ఈమధ్య పాప పాఠాలంటే విసుక్కుంటోంది. వీధిలోని పిల్లలు బడి నుంచి తిరిగి వచ్చే వేళకు పుస్తకం మూసేసి కిటికీ దగ్గర నిలబడుతోంది. బడిలో చేర్పిస్తే నేను ఓడిపోయినట్లేనా?

జవాబు: ముందు చట్టం సంగతి తేల్చుకుందాం. మీ దంపతుల మధ్య వాదన దాని చుట్టూనే తిరుగుతోంది. ఇంగ్లండులో 1996 నాటి విద్యా చట్టం ప్రకారం పిల్లలకు బడిలో గానీ, మరో విధంగా గానీ తగిన చదువు అందేలా చూడడం తల్లిదండ్రుల బాధ్యత కాబట్టి, అక్కడ ఇంటి చదువు చట్టబద్ధమే. జర్మనీలో మాత్రం పిల్లలు బడికి హాజరు కావడమే తప్పనిసరి. దీన్ని ప్రశ్నిస్తూ కొన్ని కుటుంబాలు యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లినా, 2006లోనూ 2019లోనూ నిర్ణయం వారికి అనుకూలంగా రాలేదు. అక్కడ నివాసముండే విదేశీ కుటుంబాలకూ ఈ నియమం వర్తిస్తుంది. కొత్త ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా చిరునామా నమోదు చేయించాలి కనుక, ఇంట్లో బడి ఈడు పిల్లలున్న సంగతి దాగేది కాదు. జరిమానాల మాట అటుంచి, ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పాలని పిల్లలకు మీరే నేర్పవలసి వస్తుంది. ఆ భయంతో వాళ్లు పగటిపూట గుమ్మం దాటడానికి కూడా జంకుతారు. ఈ ఒక్క కారణం చాలు, మీవారి ఆలోచనకు ఒప్పుకోవద్దని నేను గట్టిగా చెప్పడానికి.

అసలు విషయం పాప కిటికీ దగ్గర నిలబడడం. అది బద్ధకం కాదు, మీ పాఠాల మీద తీర్పు అంతకన్నా కాదు. ఆ వయసులో పిల్లలకు తోటివారి మధ్య తమకొక చోటు కావాలనిపిస్తుంది. ఊరు మారిన ప్రతిసారీ స్నేహితులను వదులుకుంటూ వచ్చిన పిల్లకు ఆ కోరిక మరింత బలంగా ఉంటుంది, బయటికి చెప్పుకోవడం మరింత కష్టంగా ఉంటుంది. కాబట్టి కొత్త బడి గురించి నచ్చజెప్పే ముందు, ఎవరిని తలచుకుంటోందో, దేనికి భయపడుతోందో అడగండి. జవాబు రాకపోతే మర్నాడు మళ్లీ అడగండి. ఆమె మాట్లాడుతున్నప్పుడు ‘అక్కడ ఇంకా మంచి స్నేహితులు దొరుకుతారులే’ అని ఓదార్చవద్దు. ఆ మాటతో పిల్లలు చెప్పడం మానేస్తారు.

జర్మనీలో చాలా రాష్ట్రాల్లో ప్రాథమిక విద్య నాలుగేళ్లే (బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్‌లలో ఆరేళ్లు). ఆ తర్వాత పిల్లలు వేర్వేరు రకాల ఉన్నత పాఠశాలలకు వెళ్తారు కనుక మీ పాప భాష రాకుండానే ఆ మలుపు దగ్గర అడుగుపెడుతుంది. కొత్తగా వచ్చిన పిల్లలకు భాష నేర్పే ప్రత్యేక తరగతులు అనేక చోట్ల ఉన్నాయి. వాటి గురించి మీరు వెళ్లే ఊరి విద్యాశాఖ కార్యాలయంలో ఇప్పుడే విచారించండి. మళ్లీ బదిలీ తప్పదనుకుంటే అంతర్జాతీయ పాఠశాల మేలు. ఆ ఫీజు కంపెనీ భరిస్తుందా అన్నది బదిలీ పత్రం మీద సంతకం చేయకముందే మీవారు అడిగి తెలుసుకోవాలి. బాబు ఇంకా ప్రాథమిక విద్య వయసులోనే ఉన్నాడు కనుక, అతని విషయంలో నాకు అంత దిగులు లేదు.

ఇక మీ శ్రమ సంగతి. మీరు రెండేళ్లు చెప్పిన చదువు పిల్లల దగ్గరే ఉంది, బడిలో చేరినంత మాత్రాన అది ఎక్కడికీ పోదు. తెలుగు చదవడం, రాయడం ఇకముందూ మీరే నేర్పాలి. రేపు ఇంటి చదువును అనుమతించే దేశానికి వెళ్లవలసి వస్తే, 14 ఏళ్లు నిండాక భారతదేశపు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పదో తరగతి పరీక్ష రాసే మార్గమూ ఉంది. అయితే ‘ఓడిపోయినట్లేనా’ అన్న మీ ప్రశ్న వెనుక, ‘పిల్లలు బడికి వెళ్లాక పగలంతా నేనేం చేయాలి’ అన్న బెంగ కూడా ఉందని నాకు అనిపిస్తోంది. ఉద్యోగం వదులుకున్నదీ, ఒంటరిగా ఈ భారం మోసినదీ మీరు. జర్మనీలో కుటుంబ సభ్యులకు ఇచ్చే నివాస అనుమతితోనే ఉద్యోగం చేసుకునే హక్కు లభిస్తుంది కనుక, పిల్లలు బడిలో ఉండే వేళను మీ భాషా తరగతులకూ, మీ వృత్తికీ కేటాయించుకోండి. బడి నుంచి వచ్చే ఉత్తరాలు, ఉపాధ్యాయులతో సమావేశాలు మీవారి బాధ్యతగా ఉండాలని బయలుదేరే ముందే మాట తీసుకోండి.

మొదటి కొన్ని వారాలు పాప ఏడవవచ్చు, వెళ్లనని మొండికేయవచ్చు. అది సహజమే. కానీ నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం రోజుల తరబడి కొనసాగితే మాత్రం ఆలస్యం చేయకుండా తరగతి ఉపాధ్యాయులకు చెప్పి, పాఠశాలల కోసం ఉండే మనస్తత్వ నిపుణుల సహాయం అడగండి.