చిట్టికి పాలసీ కట్టాలా, డబ్బు దాచాలా?

ప్రశ్న: సార్, మాది విజయవాడ. మా లాబ్రడార్ చిట్టికి నాలుగేళ్లు. ఆడది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఇంకా చేయించలేదు. పోయిన వానాకాలంలో పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ వస్తే ఐదు రోజులు రోజూ తీసుకెళ్లి సెలైన్ పెట్టించుకొచ్చాం, 14 వేలు అయింది. అప్పటి నుంచి మావారు ఇన్సూరెన్స్ చేయిద్దామంటున్నారు. ఒక కంపెనీ జీఎస్టీతో కలిపి ఏడాదికి 8,400 చెప్పింది. అడ్మిట్ అయితే, ఆపరేషన్ అయితే ఏడాదికి 50 వేల దాకా ఇస్తారట. బిల్లులో 20 శాతం మేమే పెట్టుకోవాలి. చనిపోతే 30 వేలు. పదేళ్లు నిండాక రెన్యువల్ లేదు. మా అత్తగారేమో "మనుషులకే దిక్కు లేదు, కుక్కకి ఇన్సూరెన్సా" అంటున్నారు. ఆవిడకు 63 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి, పాలసీ లేదు. మా ఇద్దరికీ ఆఫీసు వాళ్లిచ్చిన 5 లక్షల కవర్ ఉంది, అందులో అత్తగారు లేరు. ఇద్దరి జీతాలూ కలిపి లక్షా పదివేలు, హోమ్ లోన్ ఈఎంఐ 38 వేలు. ఈ పాలసీ కట్టాలా, వద్దా?

జవాబు: అమ్మా, చిట్టి సంగతికి వచ్చే ముందు మీ అత్తగారి మాట చూద్దాం. ఆవిడ కుక్క మీద కోపంతో ఆ మాట అనలేదని నాకనిపిస్తోంది. 63 ఏళ్లు, బీపీ, షుగర్, పైగా పాలసీ లేదు. మీ ఇంటి లెక్కల్లో అన్నిటికంటే పెద్ద చిల్లు అదే. చిట్టికి ఎంత పెద్ద ఆపరేషన్ అయినా రెండు మూడు నెలల్లో మీరు తేరుకుంటారు. అదే అత్తగారు వారం రోజులు ఐసీయూలో ఉండాల్సి వస్తే మీరు కొత్తగా అప్పు చేయాలి.

ఇదివరకు 65 దాటితే కొత్త హెల్త్ పాలసీ దొరకడమే కష్టంగా ఉండేది. 2024 ఏప్రిల్ 1 నుంచి బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ ఆ వయసు పరిమితి తీసేసింది. ముందు నుంచీ ఉన్న జబ్బులకు కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన వెయిటింగ్ మూడేళ్లు మించకూడదని కూడా అప్పుడే నిబంధన పెట్టింది. అంటే ఈ నెలలో తీసుకుంటే, ఆవిడకు 66 వచ్చేసరికి బీపీ, షుగర్ వల్ల వచ్చే వాటికీ కవర్ మొదలవుతుంది. ఏడాది ఆగితే అదీ ఏడాది వెనక్కి పోతుంది. ఫారంలో జబ్బుల సంగతి ఏదీ దాచకండి. ప్రీమియం మాత్రం మీ ఖాతా నుంచి కాకుండా మీవారి ఖాతా నుంచి కట్టించండి. మనం 80డి అని పిలుచుకునే పన్ను మినహాయింపు సొంత తల్లిదండ్రుల పాలసీకే వస్తుంది. అత్తమామలకు మీరు కడితే మీకు రాదు. మీవారు పాత పన్ను విధానంలో ఉంటే తల్లిగారి ప్రీమియం మీద ఏడాదికి 50 వేల దాకా మినహాయింపు చూపించుకోవచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీలకు జీఎస్టీ కూడా లేదు. చిట్టి పాలసీకి ఈ రెండూ వర్తించవు. మీకు చెప్పిన 8,400లో 1,280 రూపాయల దాకా పన్నే.

ఇక చిట్టి.

మాది పాడి ఉన్న ఇల్లు. బ్యాంకు లోన్ మీద గేదెను కొంటే ఇన్సూరెన్స్ తప్పనిసరి. పశువుల డాక్టరు వచ్చి ఎన్నో ఈత, ఎన్ని లీటర్లు ఇస్తోంది అని చూసి ధర కట్టేవారు, చెవికి ట్యాగు వేసేవారు. అమ్మ పాలకు కూర్చునే ముందు రోజూ దాని చెవి తడిమి చూసేది, ట్యాగు ఉందా, ఎక్కడైనా కంపకు తగులుకుని ఊడిపోయిందా అని. ట్యాగు లేకపోతే క్లెయిమ్ లేదు, ఆ మాట ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గేదె పోతే పాలడబ్బు ఆగిపోతుంది, లోన్ ఆగదు. వచ్చిన డబ్బుతో ఇంకో గేదెను తోలుకురావాలి. అందుకే ఆ పాలసీలో చనిపోతే వచ్చే డబ్బే ముఖ్యం.

చిట్టి విషయంలో లెక్క వేరు. దాని మీద మీ ఇంటికి వచ్చే ఆదాయం లేదు, ఆ 30 వేలు పెట్టి ఇంకో చిట్టిని తెచ్చుకోలేరు. కాబట్టి చనిపోతే వచ్చే డబ్బును చూసి ఈ పాలసీ కట్టకండి. మీకు అవసరం అది బతికి ఉండగా, జబ్బు పడ్డప్పుడు వచ్చే బిల్లుకు.

ఆ బిల్లు ఎలా వస్తుందో నాకు అనుభవమే. నాలుగేళ్ల కిందట మే నెలలో మా ఇంట్లో మామిడిపళ్లు తిని టెంకలు పెరట్లో గంపలో వేశాం. మా కుక్క బ్రౌనీ ఒక టెంక మింగేసింది. రెండు రోజులు వాంతులు, నీళ్లు కూడా నిలవలేదు. ఎక్స్‌రేలో సరిగ్గా తెలియలేదు, స్కానింగ్‌లో పేగులో అడ్డం పడి కనిపించింది. రాత్రి తొమ్మిదిన్నర అప్పుడు. డాక్టరు గారు బయటికొచ్చి "పొద్దుటిదాకా ఆగితే పేగు కుళ్లిపోవచ్చు, చేసేయమంటారా?" అని అడిగారు. బ్రౌనీ నా చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. కౌంటర్లో 25 వేలు అడ్వాన్స్ అన్నారు. నాకు పాలసీ ఉంది. అయినా ఆ రాత్రి కట్టింది నా కార్డుతోనే. కుక్కల పాలసీలు చాలా వరకు రీయింబర్స్‌మెంటే, ముందు మనం కట్టి తర్వాత తెచ్చుకోవాలి. పాలసీ ఉన్నవాళ్ల దగ్గర కూడా చేతిలో డబ్బుండాలని ఆ రాత్రే నాకు బాగా తెలిసొచ్చింది.

మొత్తం 41 వేలు అయింది. క్లెయిమ్ పెడితే తిప్పి పంపారు. టీకా కార్డులో రేబిస్ బూస్టర్ 17 రోజులు ఆలస్యంగా వేయించినట్టు ఉంది, టీకాలు వేళకు లేకపోతే పాలసీ చెల్లదన్నారు. టెంక మింగడానికీ రేబిస్ టీకాకూ ఏం సంబంధమని కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ సెల్‌కు రాశాను. రెండున్నర నెలలు ఉత్తరాలు నడిచాయి, చివరికి 22 వేలు వచ్చాయి. ఇలాంటి గొడవల్లో కంపెనీ నెల రోజుల్లో తేల్చకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా, బీమా గొడవలు తేల్చే అధికారి అయిన హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే ఆఫీసు, ఫీజు లేదు.

ఇప్పుడు మీ కోట్ చూద్దాం. చిట్టికి నాలుగేళ్లు, పదేళ్లదాకానే పాలసీ. ఆరేళ్లకు, ప్రీమియం పైసా పెరగదనుకున్నా, 50,400 కడతారు. 20 శాతం మీ వాటా కాబట్టి, కట్టిన డబ్బు వెనక్కి రావాలంటేనే ఈ ఆరేళ్లలో కంపెనీ ఒప్పుకునే బిల్లులు 63 వేలు కావాలి. ఒప్పుకునే బిల్లులు అన్న మాట గమనించండి. పోయినేడు మీకైన 14 వేలు ఇందులోకి వచ్చేవి కావు. అడ్మిట్ చేయకుండా రోజూ తీసుకెళ్లి సెలైన్ పెట్టించారు కదా, అది ఓపీ కిందికి పోతుంది. మీకు చెప్పింది అడ్మిషన్‌కు, ఆపరేషన్‌కు మాత్రమే. మీవారికి ఇన్సూరెన్స్ ఆలోచన పుట్టించిన ఖర్చుకే ఈ పాలసీ పనికిరాదు. పైగా టిక్ ఫీవర్ వచ్చిందని ఫారంలో రాయాలి, రాశాక దాన్ని పాత జబ్బు కింద పక్కన పెట్టే అవకాశం ఉంది.

ఇంకో సంగతి. లాబ్రడార్లు మామూలుగా పది, పన్నెండేళ్లు బతుకుతాయి. కీళ్ల నొప్పులు, గడ్డలు, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఆ చివరి రెండు మూడేళ్లలోనే వస్తాయి. సరిగ్గా అప్పటికే మీ పాలసీ ముగిసిపోతుంది.

అందుకని నా సలహా: ఈ కోట్ తీసుకోకండి.

దాని బదులు ఈసారి బోనస్ రాగానే 30 వేలు చిట్టి పేరు చెప్పుకుని ఎఫ్‌డీ చేయండి. ఇంటి ఎమర్జెన్సీ డబ్బుతో కలపొద్దు, కలిపితే స్కూలు ఫీజుకో, ఫ్రిజ్ రిపేరుకో పోతుంది. ప్రీమియం కట్టాలనుకున్న డబ్బే నెలకు 700 చొప్పున బ్యాంకులో ఆర్‌డీ వేయండి. పోస్టాఫీసు ఆర్‌డీ మంచిదే కానీ దీనికి వద్దు, మూడేళ్లదాకా మూసే వీలుండదు. 6 శాతం వడ్డీ వేసుకుంటే, మధ్యలో ముట్టుకోకపోతే, చిట్టికి పదేళ్లు వచ్చేసరికి రెండూ కలిపి దగ్గర దగ్గర లక్ష అవుతుంది. పదకొండో ఏట కూడా ఆ డబ్బు మీ దగ్గరే ఉంటుంది, ఓపీకైనా మందులకైనా వాడుకోవచ్చు. అర్ధరాత్రి అవసరం పడితే కార్డు గీకేయండి, పొద్దున ఎఫ్‌డీ తెంచి, కార్డు గడువు లోపల కట్టేయండి.

అసలు ఈ ఏడాది చిట్టి మీద డబ్బు పెట్టాల్సింది ఒకచోట ఉంది. అది పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు వయసు పెరిగే కొద్దీ గర్భాశయంలో చీము పట్టే ప్రమాదం ఉంది, డాక్టర్లు పయోమెట్రా అంటారు. హీట్ (ఎద) అయిపోయిన కొన్ని వారాలకు నీళ్లు తెగ తాగుతుంది, తిండి మానేస్తుంది, నీరసంగా పడుకుంటుంది. అప్పుడు చేసే ఆపరేషన్ ప్రాణం మీదికి వచ్చాక చేసేది, ఖర్చూ ఎక్కువే. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ముందే చేయిస్తే ఆ భయం ఉండదు. మీకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దగ్గరే. ప్రైవేటు క్లినిక్‌లో అడ్వాన్స్ కట్టే ముందు ఒకసారి అక్కడ కనుక్కోండి. హైదరాబాద్ వాళ్లయితే నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ చూసుకోవచ్చు. అలాగే పిడుదులు పట్టకుండా నెలనెలా మందు వేయండి. వానాకాలంలో ఒక్క నెల మానేసినందుకే మీకు 14 వేలు అయి ఉండొచ్చు. లాబ్రడార్ ఆకలి మీకు తెలిసిందే, అడిగినప్పుడల్లా పెరుగన్నం పెడితే ఆ బరువు తుంటి కీళ్ల మీద పడుతుంది. తుంటి కీలు జబ్బు ఈ జాతిలో ఎక్కువ, పుట్టుకతో వచ్చేదని చాలా పాలసీలు దాన్ని పక్కన పెడతాయి.

పాలసీలో నేను విలువ ఇచ్చేది ఒక్కటుంది, దాని గురించి మీరు రాయలేదు. చిట్టి ఎవరినైనా కరిచినా, దాన్ని చూసి భయపడి ఎవరైనా పడిపోయినా ఆ బాధ్యత మీదే. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన ఒక డెలివరీ కుర్రాడు, పెంపుడు కుక్క మీదికి రావడంతో మూడో అంతస్తు నుంచి కిందపడి చనిపోయాడు. ఆ వార్త చదివిన రోజు నేను మా గేటుకు రెండో గొళ్లెం పెట్టించాను. పెంపుడు జంతువు విషయంలో అజాగ్రత్తగా ఉంటే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. పాలసీ మిమ్మల్ని కేసు నుంచి కాపాడదు. కానీ థర్డ్ పార్టీ కవర్ ఉంటే గాయపడిన మనిషికి ఇవ్వాల్సిన పరిహారంలో సాయపడుతుంది, అది మన ఎఫ్‌డీకి అందే మొత్తం కాకపోవచ్చు. మీ కోట్‌లో అది ఉందా, ఎంత దాకా ఉందో అడగండి. ఆ ఒక్క కవర్ విడిగా తక్కువ ప్రీమియంకు ఇస్తే తీసుకోండి.

మీవారికి ఇంకా మనసు పాలసీ మీదే ఉంటే, కట్టే ముందు కంపెనీకి మెయిల్ రాయించండి, ఫోన్‌లో అడిగితే చాలదు. ఒక్కో జబ్బుకు లోపల వేరే పరిమితి ఉందా, గర్భాశయం చీముకు ఇస్తారా, టీకా కొన్ని రోజులు ఆలస్యమైతే మొత్తం క్లెయిమ్ పోతుందా, బిల్లులో మందులన్నీ విడివిడిగా రాయించాలా. వచ్చిన జవాబును పాలసీ కాగితాలతోనే ఉంచుకోండి. ఆసుపత్రి కవర్ లక్ష దాటి, మీ వాటా 10 శాతం లోపు ఉండి, ప్రీమియం ఇంతే అయితే అప్పుడు నేను కూడా కాదనను.

మీలాంటి ప్రశ్నే మూడు నెలల కూన ఉన్నవాళ్లు అడిగితే నా జవాబు వేరే. కొత్తగా ఉద్యోగం, చేతిలో పదివేలు కూడా లేవు, పెద్ద జాతి కుక్కపిల్ల. అలాంటివాళ్లు మొదటి రెండు మూడేళ్లు పాలసీ కట్టడమే మంచిది. పిల్ల వయసులో కనపడిందల్లా మింగుతాయి, మెట్ల మీంచి దూకి కాళ్లు విరగ్గొట్టుకుంటాయి. ప్రీమియం కూడా చిన్న వయసులో తక్కువ ఉంటుంది. ఆ రెండేళ్లలో పక్కన డబ్బు పోగవుతుంది, అప్పుడు పాలసీ మానేయొచ్చు.

మీరు ఈ వారంలో చేయాల్సింది రెండే. అత్తగారి పాలసీకి కనీసం మూడు కంపెనీల నుంచి కోట్ తెప్పించుకోండి. చిట్టి టీకా కార్డు తీసి బూస్టర్ తేదీ చూసి, దానికి వారం ముందు మీ ఇద్దరి ఫోన్లలోనూ రిమైండర్ పెట్టుకోండి.