టికెట్ ఆపరేషన్ రోజుకి కాదు, డిశ్చార్జ్ రోజుకి

అమెరికా వచ్చి ఏడాది కూడా నిండకముందే మన కుర్రాళ్లకి "అమ్మకి గుండె ఆపరేషన్ అంటున్నారు" అని ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. వెంటనే నాకు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "అన్నా, టికెట్ ఎప్పటికి కొనాలి?" ముందు ఏ ఆపరేషనో చెప్పమంటాను. సగం మందికి తెలియదు. మన ఇళ్లలో గుండెకి ఏం చేసినా బైపాసే కదా. బైపాస్ రక్తనాళాలకి చేసేది. వాల్వు ఆపరేషన్ వేరు, వాల్వు అంటే గుండె లోపలి తలుపు. అలాంటివి నాలుగుంటాయి. ఏది పాడైంది, బిగుసుకుపోయిందా, లీకవుతోందా అన్నది ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులో ఉంటుంది. ముందు దాని ఫొటో తెప్పించుకోండి.

నేను డాలస్‌లో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను. ఎనిమిదేళ్ల కిందట హైదరాబాద్‌లో అమ్మకి ఆ నాలుగింట్లో ఒకటైన మిట్రల్ వాల్వు మార్చారు. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలైన రుమాటిక్ జ్వరం దశాబ్దాల తర్వాత ఇలా బయటపడిందన్నారు. తేదీ చెప్పగానే ఉన్న రెండు వారాల సెలవూ పెట్టి దిగిపోయాను. మూడో రోజు పళ్ల డాక్టర్ దగ్గరికి పంపారు. దవడ పన్ను కింద చీము! ఆ ఇన్‌ఫెక్షన్ రక్తంలో కలిసి కొత్త వాల్వుకి పట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది, అది తగ్గాకే ఆపరేషన్ అన్నారు. పన్ను పీకి, మందులు వాడి, మళ్లీ తేదీ ఇచ్చేసరికి నా సెలవు అయిపోయింది. అమ్మని థియేటర్‌లోకి తీసుకెళ్లినప్పుడు నేను డాలస్‌లో ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తప్పు నాదే. ముందే పళ్లు చూపించమని దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న చెల్లెలికి ఒక్క మాట చెప్తే సరిపోయేది.

కాబట్టి టికెట్ కొనేముందే కనుక్కోండి. పళ్లు చూశారా? యాంజియోగ్రామ్ అయిందా? బ్లాకులుంటే అదే ఆపరేషన్‌లో బైపాస్ కూడా చేసేస్తారు. రక్తం పలచబడే మాత్రలు ఎప్పుడు ఆపాలి? ఇది డాక్టరే చెప్పాలి, ఇంట్లో ఎవరూ సొంతంగా ఆపకూడదు. ఇక రక్తదాతల సంగతి. మీ ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు పనికొచ్చేది ఇలాంటప్పుడే.

ఏ వాల్వు పెట్టించాలన్నది అసలు చిక్కు. "ఖర్చుకి వెనకాడకండి, మంచిదే వేయండి" అని డాలర్ల ధైర్యంతో అనేస్తాం. ఇందులో మంచిది, చెడ్డది అంటూ ఏమీ లేదు. మెటల్ వాల్వు జీవితాంతం పనిచేస్తుంది, కానీ రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి, రక్తం ఎంత త్వరగా గడ్డకడుతోందో చూసే ఐఎన్‌ఆర్ టెస్ట్ చేయిస్తూ ఉండాలి. టిష్యూ వాల్వు ఆవు లేక పంది కణజాలంతో చేస్తారు. దానికి ఆ మాత్ర సాధారణంగా కొన్ని నెలలే, కానీ పది పదిహేనేళ్లకి మళ్లీ మార్చాల్సి రావచ్చు. ఇంట్లో పట్టింపులుంటే ముందే మాట్లాడుకోండి, ఆపరేషన్ ముందు రాత్రి కాదు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో తయారై, 1990లో తొలిసారి మనిషికి అమర్చిన చిత్ర వాల్వు మన దేశానిదే, చవక కూడా. అమ్మకి అప్పుడు యాభై ఏడు, డాక్టర్ మెటల్ అన్నారు. సూర్యాపేట దగ్గర మా పల్లెలో ఐఎన్‌ఆర్ ఎవరు చూస్తారు? అందుకే చెల్లెలి దగ్గరే ఉండిపోయింది. ఆకుకూరలు ఆ మాత్ర పనిని మారుస్తాయి, అలాగని పూర్తిగా మానక్కర్లేదు. ఒక వారం గోంగూర, తోటకూర కుమ్మేసి, మరో వారం అసలు ముట్టకపోతేనే ఇబ్బంది.

నేను తిరుగు ప్రయాణమయ్యే ముందు రాత్రి అమ్మ గుసగుసగా అడిగింది: "ఒరేయ్, గుండెని ఆపేస్తారటగా?" అవునమ్మా, ఆ కాసేపు గుండె పనీ ఊపిరితిత్తుల పనీ మెషిన్ చేస్తుంది అన్నాను. మెలకువ వచ్చేసరికి నోట్లో గొట్టం ఉంటుంది, మాట రాదు, సైగ చెయ్యి అని కూడా చెప్పాను. ఆ ఒక్కటి ముందే తెలియడం వల్లే గాభరా పడలేదని తర్వాత అంది.

ఆపరేషన్ రోజు మీరున్నా కారిడార్‌లో కూర్చోవడమే. ఐసీయూలోకి కాసేపు వెళ్లడం కూడా గగనమే. అసలు పని ఇంటికొచ్చాక. కోసిన రొమ్ము ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. బరువులు ఎత్తకూడదు, చేతులు ఊని లేవకూడదు. దగ్గొస్తే దిండు గుండెకి హత్తుకోవాలి. ఊపిరితిత్తుల కసరత్తుకి మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఇస్తారు, గొట్టంతో గాలి పీల్చి బంతులు పైకి లేపాలి. అమ్మకి మొదట్లో ఒక్క బంతే కదిలేది, విసుగొచ్చి డబ్బా పక్కన పడేసేది. అప్పుడు పక్కన కూర్చుని బతిమాలింది చెల్లెలు ఒక్కతే. వీలైతే ఆ వారాలకి వెళ్లండి. వెళ్లేముందు వీసా స్టాంపింగ్ సంగతి చూసుకోండి, ఓపీటీ (చదువుకి అనుబంధంగా ఇచ్చే పని అనుమతి) మీదుంటే కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం ఆరు నెలల లోపుదై ఉండాలి.

నేను నాలుగు నెలలకి గానీ మళ్లీ వెళ్లలేకపోయాను. రాత్రి అమ్మ మంచం పక్కనే పడుకుంటే టిక్‌టిక్‌మని ఒకటే చప్పుడు. మెటల్ వాల్వు కొందరిలో బయటికి వినపడుతుందని నాకెవరూ చెప్పలేదు. "ఆ గడియారం ఎక్కడుందమ్మా, తీసి అవతల పెడతాను" అన్నాను.

"గోడకి కాదురా, నాకే పెట్టారు" అంది.