చిమ్మనగొట్టానికి జోరు పెంచాలంటే...

ప్ర: హోలీకి కొన్న పిచికారీ, పిడి లాగి తోసే రకం. ధార ఆరడుగులు దాటడం లేదు. మూతి కన్నం పెద్దది చేయమంటున్నారు. చేయవచ్చా? – ఒక పాఠకుడు, నిజామాబాద్

జ: డ్రిల్లు పట్టుకునే ముందు చిన్న పరీక్ష చేయండి. గొట్టంలోకి నీళ్లు లాగి, మూతిని వేలితో గట్టిగా మూసి పిడి తోయండి. కదలకపోతే వాషరు, అంటే పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు రింగు, బాగున్నట్టే. పిడి మెల్లగా దిగిపోతూ వెనక నుంచి చేతి మీద నీళ్లు కారుతుంటే, ఎంత కన్నం పెట్టినా ఉపయోగం లేదు. వెనక మూత తిప్పి పిస్టన్ బయటికి తీయండి. రబ్బరు రింగు తప్పించి, అది కూర్చునే గాడిలో టెఫ్లాన్ టేపు రెండు మూడు చుట్లు చుట్టి మళ్లీ రింగు ఎక్కించండి. అప్పుడది గొట్టం గోడకు ఒరుసుకుంటుంది. పిడి కదలడానికి బలం ఎక్కువ కావాల్సి వస్తే ఒక చుట్టు విప్పేయండి.

ఆపైన సిలికాన్ గ్రీజు, కందిగింజంత చాలు. మనవాళ్లు అలవాటుగా కొబ్బరినూనె రాస్తారు. సైకిల్ పంపులోని తోలు వాషరుకు అది మంచిదే. మామూలు రబ్బరు మాత్రం నూనె తాగి ఉబ్బుతుంది, పిడి పట్టేస్తుంది. వాసెలిన్‌దీ అదే వరస.

ఇక కన్నం సంగతి. 1 మిల్లీమీటరు కన్నాన్ని 2 చేస్తే వైశాల్యం రెట్టింపు కాదు, నాలుగింతలు. ధార మునుపటంత దూరం పోవాలంటే పిడిని నాలుగింతల వేగంతో తోయాలి. చేతికది సాధ్యం కాదు. నీళ్లు లావుగా వచ్చి కాళ్ల దగ్గరే పడతాయి. అందుకే 0.2 మి.మీ. చొప్పున పెంచుతూ, ప్రతిసారీ చిమ్మి చూడండి. బిట్టును మోటారుకు బిగించొద్దు, చేత్తోనే తిప్పండి. మోటారు వేగానికి పుట్టే రాపిడి వేడికి ప్లాస్టిక్ కరిగి అంచు గరుకవుతుంది. ధార మూతి దగ్గరే విచ్చుకుపోవడానికి తరచూ ఆ గరుకే కారణం. అంచున మిగిలిన పొరను కొత్త బ్లేడుతో గీకేయండి. కన్నం మరీ పెద్దదైపోతే ఎం-సీల్‌తో పూడ్చి, ఒక రాత్రి ఆరనిచ్చి మళ్లీ మొదలుపెట్టాలి.

ప్ర: వీపుకు ట్యాంకు తగిలించుకునే తుపాకీ. నాలుగు సార్లు బాగానే కొడుతుంది, తర్వాత నీళ్లు రావు. – ఒక పాఠకురాలు, కరీంనగర్

జ: ట్యాంకు మూత కాస్త వదులు చేసి కొట్టి చూడండి. నీళ్లు వస్తే, లోపలికి గాలి పోయే దారి లేదన్నమాట. కాల్చిన సూదితో మూతకు సన్న రంధ్రం పెట్టండి. పిల్లలు వంగితే నాలుగు చుక్కలు మెడ మీద పడతాయి, హోలీ నాడు అదొక లెక్కా! మూత తీసినా రాకపోతే, గొట్టంలో బుడగలు ఎక్కడ మొదలవుతున్నాయో చూడండి. వదులైన జాయింటు అదే. గొట్టం కొనను అర నిమిషం వేణ్నీళ్లలో ఉంచి, మెత్తబడ్డాక లోపలి దాకా ఎక్కించి, పైన జిప్ టై బిగించండి. రంగు మడ్డి కవాటంలో చేరినా ఇదే తంటా. రంగునీళ్లను పాత చీరగుడ్డలో వడకట్టి పోయండి.

ప్ర: గాలి కొట్టి వదిలే 1 లీటరు తుపాకీ. నిండా నీళ్లు పోసినా ధార క్షణంలో చచ్చిపోతోంది. పంక్చర్ షాపులో గాలి పట్టించనా? – ఒక పాఠకుడు, వరంగల్

జ: వద్దు. కంప్రెసర్ గాలికి సీసా అతుకు దగ్గర పగులుతుంది, ముక్కలు ముఖానికే వస్తాయి. గాలి వదిలే సేఫ్టీ వాల్వును ఎం-సీల్‌తో మూసేవాళ్లూ ఉన్నారు, ఆ పనీ చేయకండి. అసలు పొరపాటు నిండా పోయడమే. నీళ్లు నొక్కుకుపోవు, స్ప్రింగులా పనిచేసేది గాలే. సగమే నింపండి. పంపు ఒక్కసారికి 50 మి.లీ. గాలి తోస్తుందనుకుంటే, 500 మి.లీ. ఖాళీలో 10 సార్లకు పీడనం బయటి గాలికి రెట్టింపవుతుంది. దాదాపు నీళ్లన్నీ బయటికి తోయడానికి అది సరిపోతుంది. 900 మి.లీ. నీళ్లు పోస్తే రెండు సార్లకే అంత బిగువు వస్తుంది, 100 మి.లీ. పోగానే దిగిపోతుంది.

ప్ర: ఈ గాలి తుపాకీ ఎవరి ఆలోచన? – ఒక విద్యార్థి, గుంటూరు

జ: అమెరికా ఇంజినీరు లానీ జాన్సన్‌ది. 1982లో ఫ్రియాన్‌కు (ఫ్రిజ్‌లు, ఏసీల్లో చల్లదనానికి వాడిన రసాయనం) బదులు నీటితో నడిచే హీట్ పంపు (వేడిని ఒకచోటి నుంచి మరోచోటికి చేరవేసే యంత్రం) కోసం చేసిన నాజిల్‌ను ఇంట్లో బాత్రూం కుళాయికి బిగించి చూస్తుంటే తట్టిందట. 1990లో పవర్ డ్రెంచర్‌గా బజారుకొచ్చి, మరుసటి ఏడాది సూపర్ సోకర్ అయింది.