బీడీ ఖర్చు ఉద్దెర పుస్తకంలో కనిపించదు

“రోజు కూలీతో బతికే మా నాన్నగారు బీడీలకు పెట్టే 40 రూపాయలు నిజంగా అంత భారమా?” అని మీరు అడిగారు. నిజామాబాద్ జిల్లాలోని మా ఊళ్లో పదకొండేళ్లు కిరాణా కొట్టు నడిపి, ఉద్దెర లెక్కలు రాసినవాడిగా నాకు తెలిసింది చెబుతాను.

కూలి చేసుకునేవాళ్లు బియ్యం, పప్పు, నూనె ఉద్దెరకు తీసుకుని, కూలి డబ్బులు అందినప్పుడు కొంత కొంత తీర్చేవారు. బీడీలకు నేను ఉద్దెర ఇచ్చేవాడిని కాను కనుక వాటికి మాత్రం రొక్కమే ఇచ్చేవారు. అంటే ఆనాటి కూలిలో మొదటి వాటా బీడీదే, పప్పు అప్పులోకి పోయేది. పప్పు బాకీ పుస్తకంలో ఉంటుంది కాబట్టి దాని మీద ఇంట్లో గొడవ జరిగేది. బీడీ ఖర్చు ఎక్కడా రాసి ఉండదు గనుక దాని ఊసే వచ్చేది కాదు.

కట్ట 20 రూపాయల చొప్పున రోజుకు రెండు కట్టలంటే ఏడాదికి 14,600 రూపాయలు. మా ప్రాంతంలో మరీ విచిత్రం ఏమిటంటే, ఆడవాళ్లు రోజంతా తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, వెయ్యికి ఇంత అని బీడీలు చుట్టి తెచ్చిన కూలిలో కొంత అదే ఇంటి మగవాళ్ల బీడీలకు పోతుంది. సిగరెట్ల మీద పన్ను పెంచితే చాలనేవారు గమనించవలసింది ఒకటుంది: 2016–17 జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో సిగరెట్ తాగేవారు 4 శాతమైతే, బీడీ తాగేవారు 7.7 శాతం, ఖైనీ వాడేవారు 11.2 శాతం.

ఇక జబ్బు సంగతి. తాపీ పని చేసే మా చిన్నాన్నకు నోటి క్యాన్సర్ వచ్చినప్పుడు చికిత్స ఆరోగ్యశ్రీలో జరిగింది, దానికి పైసా కట్టలేదు. కానీ హైదరాబాదుకు తిరిగిన ఛార్జీలు, ఏడు నెలలు ఆగిపోయిన ఆయన కూలి, తోడుగా వెళ్లినందుకు పోయిన చిన్నమ్మ బీడీల కూలి ఏ కార్డులోనూ రావు. పుస్తెలతాడు కుదువ పెట్టింది వీటికోసమే.

మీ నాన్నగారికి ఉపన్యాసం చెప్పకండి, ఆయన వినరు. ఒక ఇల్లాలు అడిగితే ఆమె భర్త కొనే బీడీలను నేను వాళ్ల ఉద్దెర పుస్తకం చివరి పేజీలో నెలరోజులు రాసి, పప్పు బాకీ పక్కనే చూపించాను. ఆయన నాతో పది రోజులు మాట్లాడలేదు. మానలేదు కూడా, రెండు కట్టల నుంచి ఒక కట్టకు వచ్చాడు. మానేయాలనే ఆలోచన మీ నాన్నగారికే కలిగిన రోజున 1800-112-356కు ఫోన్ చేయించండి, అది ప్రభుత్వం నడిపే ఉచిత సలహా నంబరు.