సేలం నాటకంలో కోర్టు సీను నిలబడాలంటే

ముద్దాయి "నేను మంత్రగత్తెను కాదు" అని గట్టిగా చెప్పేశాక ఇప్పటి అమెరికాలోని సేలంలో జరిగిన మంత్రగత్తెల విచారణల మీద మీరు రాస్తున్న నాటకంలో కోర్టు సీను ముందుకు కదలడం లేదన్నారు కదా. నిజానికి టెన్షన్ మొదలయ్యేదే అక్కడండీ. 1692లో నేరం ఒప్పుకుని ఆ మాట మీదే ఉన్నవాళ్లను ఉరి తీయలేదు, కాదన్నవాళ్లనే తీశారు, మొత్తం 19 మందిని. అబద్ధమాడితే ప్రాణం దక్కుతుంది, కానీ ఇంకొకరి పేరు చెప్పమని పీక మీద కూర్చుంటారు. ఈ ఇరకాటంలోకి మీ పాత్రను నెట్టండి.

అక్కడి ముద్దాయిల్లో ఒకరైన రెబెకా నర్స్ అనే ఆవిడ విచారణ చదవండి. డెబ్బై దాటిన మనిషి, చెవులు సరిగా వినపడవు. జ్యూరీ మొదట నిర్దోషి అనే తేల్చింది. అది వినగానే ఆరోపించినవాళ్లు కేకలు పెట్టారు, జడ్జి మళ్లీ ఆలోచించమన్నాడు. ఇంకో ఖైదీని సాక్ష్యానికి తెచ్చినప్పుడు రెబెకా "మాలో మనిషే కదా" అంది, దాని అర్థమేంటని జ్యూరీ అడిగితే వినపడక ఊరుకుంది. అంతే, తీర్పు తిరగబడింది. తోటి ఖైదీ అన్న ఉద్దేశంతోనే అన్నానని తర్వాత రాసిచ్చినా జూలైలో ఉరి తీసేశారు, ఎంత అన్యాయం!

పొడుగు డైలాగులు తీసేసి ఇలాంటి ఒక్క మాట పెట్టండి. దాని అసలు అర్థం ప్రేక్షకులకు ముందే తెలిసుండాలి, జడ్జికి మాత్రం తెలియకూడదు.