కిసుము వెళ్లేముందు

ప్రశ్న: ఆంటీ గారికి ప్రభువు నామంలో వందనాలు. నేను తెనాలిలో బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా సంఘం యూత్ తరఫున పన్నెండు మందిమి ఆగస్టులో పది రోజుల మిషన్ ట్రిప్‌కి కెన్యాలోని కిసుము వెళ్తున్నాం. అక్కడి ఒక సంఘం మమ్మల్ని పిలిచింది. స్కిట్లు, యాక్షన్ సాంగ్స్ ప్రాక్టీస్ చేస్తున్నాం. మెడికల్ క్యాంపు పెట్టి మందులు పంచాలని, ఆ బాధ్యత నాకు ఇవ్వాలని పెద్దలు అనుకుంటున్నారు. టీకాల సంగతి ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆఫ్రికా అంటేనే రోగాలని అమ్మకి ఒకటే టెన్షన్. ఎలా సిద్ధపడాలో చెప్పండి.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: తల్లీ, నీకు వందనాలు. పశ్చిమ కెన్యాలో ఒక మిషన్ ఆసుపత్రిలో చాలా ఏళ్లు నర్సుగా చేసినదాన్ని కాబట్టి నీ ఉత్తరం చూడగానే ప్రాణం లేచొచ్చింది. ముందు టీకా సంగతి చెప్తాను, అది తేదీతో ముడిపడిన పని.

కెన్యా నుంచి తిరిగొచ్చినప్పుడు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి, ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ ఆ సర్టిఫికెట్ చెల్లదు. అందుకని జూలైలోపే ఈ పని అయిపోవాలి. ఒక్క డోసు చాలు, జీవితాంతం చెల్లుతుంది. అయితే ప్రతి ఆసుపత్రిలోనూ వెయ్యరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది, విశాఖలో పోర్టు హెల్త్ ఆఫీసు ఉంది. ఏ రోజు వేస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కుని, పాస్‌పోర్టు తీసుకుని వెళ్లండి. కోడిగుడ్డు పడనివాళ్లు, అరవై దాటిన పెద్దలు ఎవరైనా మీతో వస్తుంటే ముందు డాక్టరుకి చూపించుకోవాలి.

మలేరియా ఇంకా పెద్ద విషయం. కిసుము విక్టోరియా సరస్సు ఒడ్డున ఉంది, దేశంలో మలేరియా బాగా ఎక్కువగా ఉండే ప్రాంతం అదే. దోమలు మనకి అలవాటేగా అని మన పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు. అక్కడ ఎక్కువగా వచ్చేది ఫాల్సిపేరం, అశ్రద్ధ చేస్తే మెదడుకి ఎక్కే రకం. మలేరియా రాకుండా ముందే వేసుకునే మాత్రలున్నాయి, ఏది ఎవరికి సరిపోతుందో డాక్టరు చెప్పాలి. డాక్సీసైక్లిన్ రాస్తే మాత్రం వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, ఇంటికొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. చాలామంది తెనాలి స్టేషన్లో దిగగానే ఆపేస్తారు. నువ్వు నర్సింగ్ చదువుతున్నావు కదా, మిగతా పదకొండు మంది చేత ఆ నాలుగు వారాలూ వేయించడం నీ పని అనుకో. వచ్చాక కొన్ని నెలల్లోపు ఎవరికి జ్వరం వచ్చినా, కెన్యా వెళ్లొచ్చాం అని డాక్టరుకి మొదటి మాటగా చెప్పాలి. ఇంకొకటి, ఆ సరస్సులో ఎవరూ స్నానానికి దిగకండి. బిల్‌హార్జియా అనే జబ్బు తెచ్చే పురుగు నీళ్లలోంచి చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది.

ఇక మెడికల్ క్యాంపు. ఇది వద్దు తల్లీ. మీ పెద్దలకి నా మాటగా చెప్పు. నువ్వింకా విద్యార్థివి. ఇక్కడ ఒంటరిగా మందు ఇవ్వలేనిదానివి అక్కడెలా ఇస్తావు? పూర్తయిన నర్సుకైనా ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్ అనుమతి కావాలి. అంతకన్నా నా మనసులో ఉన్నది చెప్తాను. నేను పనిచేసే రోజుల్లో వేరే దేశం నుంచి ఒక బృందం వచ్చి మా దగ్గరి ఊళ్లో క్యాంపు పెట్టింది. బీపీ ఉన్నవాళ్లకి నెలకి సరిపడా కొత్త మాత్రలు ఇచ్చి వెళ్లిపోయారు. విదేశీ మందు కదా అని ఒక పెద్దావిడ మా ఆసుపత్రి మాత్రలు మానేసింది. నెల తిరిగాక రెండూ లేవు. పక్షవాతంతో ఆవిణ్ని తీసుకొచ్చినప్పుడు చూసింది నేనే. వచ్చినవాళ్లు మంచివాళ్లు, ప్రార్థించి వచ్చినవాళ్లు. తర్వాత ఏమైందో వాళ్లకి ఎప్పటికీ తెలియలేదు.

అయితే నీ చదువు ఊరికే పోదు. ఆతిథ్యమిచ్చే సంఘం వాళ్లని అడుగు, మీ దగ్గర ఏ క్లినిక్ ఉంది, అక్కడి సిస్టర్లకి ఏం కావాలి అని. వాళ్లు ఒప్పుకుంటే ఒకటి రెండు రోజులు వాళ్ల పక్కన నిలబడి చూడు, చెప్పిన పని చెయ్యి. మందుల కోసం పోగైన డబ్బు ఆ క్లినిక్‌కే సంఘ కమిటీ ద్వారా, రసీదుతో ఇవ్వండి. ఎవరి చేతిలోనూ విడిగా నోట్లు పెట్టకండి, మీరు వెళ్లిపోయాక వాళ్లలో వాళ్లకి మనస్పర్థలు వస్తాయి.

మీరు సువార్త తెలియని చోటికి వెళ్లడం లేదు. 2019 జనాభా లెక్కల ప్రకారం కెన్యాలో నూటికి 85 మంది క్రైస్తవులు. కాబట్టి స్కిట్లు తగ్గించి, వాళ్ల సాక్ష్యాలు వినడానికి టైము ఉంచుకోండి. మన డోర్నకల్‌కి 1912లో మొదటి బిషప్ అయిన అజరయ్య గారు, అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో పాశ్చాత్య మిషనరీల ఎదుటే చెప్పారు: మీరు మాకోసం ఎంతో త్యాగం చేశారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అని. ఆ రోజు అడిగే వైపున్నది మనవాళ్లు. ఇప్పుడు విమానం దిగే వైపున్నది మీరు. ఈ ఒక్క సంగతి మీ పన్నెండు మందీ కూర్చుని మాట్లాడుకోండి, స్కిట్ ప్రాక్టీసు ఒక రోజు మానేసైనా సరే. తెలుగువాళ్లు ఆఫ్రికాకి సేవకి వెళ్లడం కొత్తేమీ కాదు. 1903లోనే తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి పంపారు, చెరకు తోటల్లో పనికెళ్లిన మనవాళ్ల మధ్య సేవ చెయ్యడానికి.

కిసుములో మిమ్మల్ని ‘ముహిండీ’ అంటారు, అక్కడి స్వాహిలీ భాషలో భారతీయుడని అర్థం. 1901లో రైలుమార్గం కిసుము చేరింది, దాన్ని వేసినవాళ్లలో వేలమంది మన దేశపు కూలీలు. తర్వాత ఆ ఊళ్లో చాలా దుకాణాలు గుజరాతీలవి అయ్యాయి. అందుకని మిమ్మల్ని చూడగానే షాపు యజమానుల బంధువులనుకుంటారు, కాస్త దూరంగా ఉండవచ్చు. భారతీయుల్లో క్రైస్తవులున్నారా అని ఆశ్చర్యపోతారు కూడా. నొచ్చుకోకండి. మన ‘ప్రైజ్ ది లార్డ్’ లాగా వాళ్లు ‘బ్వానా అసిఫివే’ అంటారు, జవాబుగా ‘ఆమెన్’ అనాలి. ‘అసాంటే’ అంటే కృతజ్ఞతలు. వంట చేసినవాళ్ల దగ్గరికి వెళ్లి ఆ మాట చెప్పండి.

తిండికి బెంగ లేదు. మొక్కజొన్న పిండితో ఉడికించే ఉగాలి మన సంగటి లాగే ఉంటుంది, చేత్తోనే తింటారు. భోజనానికి ముందు ఎవరో ఒకరు చెంబుతో మీ చేతుల మీద గోరువెచ్చని నీళ్లు పోస్తారు. సరస్సు చేప ఒకటి నిండుగా వేయించి పెడతారు. అతిథి కోసం కోడి కోశారంటే ఆ ఇంటికది ఖర్చే, వద్దనకండి. మాంసం తినని వాళ్లుంటే ఇప్పుడే ఉత్తరం రాసి చెప్పండి.

పచ్చళ్లు, పొడులు ప్లాస్టిక్ క్యారీ కవర్లలో కట్టకండి. 2017 నుంచి అక్కడ అవి నిషేధం. స్టీలు డబ్బా, గుడ్డ సంచీ చాలు. కిసుము సముద్రమట్టానికి పదకొండు వందల మీటర్ల పైన ఉంది, రాత్రికి పల్చటి స్వెట్టర్ కావాలి. ఆడపిల్లలకి చుడీదార్లు బాగుంటాయి. చార్జర్‌కి ఇంగ్లండు రకం మూడు పిన్నుల అడాప్టర్ కావాలి. 2024 నుంచి వీసా బదులు ఈటీఏ అనే ప్రయాణ అనుమతి ఇస్తున్నారు, ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి. ప్రార్థన కూడికల్లో మాట్లాడేవాళ్లకి ఏ పర్మిట్ కావాలో పిలిచిన సంఘాన్నే అడిగి, కాగితం మీద తెప్పించుకోండి. పిల్లల ఫొటోలు తల్లిదండ్రుల్ని అడక్కుండా తియ్యొద్దు, ఫేస్‌బుక్‌లో అసలే వద్దు.

అమ్మగారికి ఈ ఉత్తరం చదివి వినిపించు. టీకా సర్టిఫికెట్, మాత్రల డబ్బా ఆవిడకి చూపించు. మీరు ఉండబోయే ఇంటి చిరునామా, ఆ ఇంటావిడ ఫోన్ నంబరు అమ్మ చేతిలో పెట్టు. వీలైతే వెళ్లకముందే ఆ ఇద్దరికీ ఒకసారి వీడియో కాల్ కలుపు. అక్కడి టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చెయ్యి, ఇక్కడ ఎనిమిదిన్నర అవుతుంది, అమ్మ ఇంకా మేలుకునే ఉంటుంది.